పెట్టెలో చిక్కిన తాత మాట
(బి.ఎస్సీ. భౌతికశాస్త్రం, తృతీయ సంవత్సరం విద్యార్థి)

ఈ సంచికకు ఒక సైన్సు వ్యాసం ఇమ్మని సంపాదక వర్గం వారు అడిగినప్పుడు, కృష్ణబిలాల గురించో, క్వాంటమ్ సిద్ధాంతం గురించో రాద్దామని మొదట అనుకున్నాను. కాని అవి నేను చదివినవే గాని చేసినవి కావు. చేతులారా చేసి, రెండుసార్లు తప్పి, మూడోసారి ఎలాగో ఒడ్డున పడ్డ పని ఒకటుంది. టీవీ సెట్‌టాప్ బాక్సులో రికార్డు చేసిన కార్యక్రమాన్ని కంప్యూటరులోకి తెచ్చుకోవడం. "ఇది కూడా ఒక వ్యాసమేనా?" అని మిత్రులు నవ్వవచ్చు. బాక్సు నుంచి పెన్‌డ్రైవు పీకి కంప్యూటరుకు గుచ్చితే అయిపోయేదానికి ఇంత రాద్ధాంతం దేనికని నేనూ అనుకున్నవాణ్ణే.

మాది పల్నాడులో మిరప, పత్తి పండించే ఊరు. 2020 జనవరిలో ఒక తెలుగు చానల్ వాళ్ళు వ్యవసాయ కార్యక్రమం కోసం మా ఊరొచ్చారు. కల్లంలో కాయలు ఆరబోసి ఉన్నాయి. విత్తనానికి కాయ ఎట్లా ఏరుకోవాలి, మంచు పడే రాత్రుల్లో రాశి మీద పట్టా ఎప్పుడు కప్పాలి, ఎప్పుడు తియ్యాలి అని మా తాతను అడిగారు. ఆయన కెమెరా వంక చూడకుండా, కాయల వంకే చూస్తూ చెప్పుకుంటూ పోయాడు. ప్రసారమైన నాడు నేను రిమోటు మీద ఎర్ర బటను నొక్కి, బాక్సుకు గుచ్చిన పెన్‌డ్రైవులో ఆ కార్యక్రమం రికార్డు చేశాను. అప్పుడు నాకు పదిహేనేళ్ళు. తాత మాట్లాడింది అందులో తొమ్మిది నిమిషాలు.

2021 మే నెలలో తాత పోయాడు. కరోనా రోజులు. పట్టుమని పదిమంది కూడా రాలేదు. ఫోటోలు మూడో నాలుగో ఉన్నాయి గాని, గొంతు మాత్రం ఆ పెన్‌డ్రైవులో తప్ప ఇంకెక్కడా లేదు. పండగకో పబ్బానికో మా నాయనమ్మ "ఒరే, మీ తాతను పెట్టరా" అనేది. పెట్టేవాణ్ణి.

2024 వినాయక చవితి నాడు అట్లాగే అడిగింది. పత్తికి మందులు కొనడంతో చేతిలో డబ్బు ఆడక నాన్న ఆ నెల టీవీకి రీచార్జి చేయించలేదు. బాక్సు వెలిగింది. జాబితాలో కార్యక్రమం పేరూ కనబడింది. నొక్కితే మాత్రం, చందా గడువు అయిపోయిందని తెర మీద రాసి వచ్చింది. నాయనమ్మకు చదువు రాదు. నేను చదివి చెప్పాను. ఒక్క క్షణం ఆగి, "చచ్చిపోయినాయన మాట వినాలన్నా రీచార్జి కట్టాలంట్రా?" అంది.

నా దగ్గర జవాబు లేదు. నేను చదివేది ఫిజిక్సు!

రీచార్జి చేయించాక బొమ్మ వచ్చింది. కాని బాక్సుకే ఆయుష్షు తీరినట్టుంది. వేడెక్కితే చాలు, దానంతటదే ఆరిపోయి మళ్ళీ మొదలయ్యేది. చూడటానికి వచ్చిన మెకానిక్, కొత్త బాక్సు పెట్టుకోవాల్సిందేననీ, పాత రికార్డింగులు అందులో ఆడవనీ చెప్పి వెళ్ళాడు. అప్పుడు పట్టుకున్నాను ఈ సంగతిని.

రికార్డింగు అంటే ఏమిటి?

ముందుగా ఒక అపోహ తొలగించుకోవాలి. పాతకాలపు వీసీఆర్ టీవీ బొమ్మను టేపు మీద తానే రాసుకునేది. సెట్‌టాప్ బాక్సు అట్లా కాదు. ఉపగ్రహం నుంచి వచ్చేదే అంకెల రూపంలో వస్తుంది. బాక్సు ఆ అంకెల ప్రవాహాన్ని విప్పి బొమ్మగా మార్చి టీవీకి పంపుతుంది. రికార్డు చేయమంటే, ఆ ప్రవాహాన్నే బొమ్మగా విప్పకుండా పెన్‌డ్రైవులోకి మళ్ళిస్తుంది. కాలవ నీళ్ళు కొంత చేలోకి, కొంత కుంటలోకి పెట్టినట్టన్నమాట.

ఈ ప్రవాహాన్ని చిన్నచిన్న పొట్లాలుగా కట్టి పంపుతారు. ఒక్కొక్క పొట్లం 188 బైట్లు. ప్రతి పొట్లం మొదటి బైటు ఎప్పుడూ ఒకటే. పదహారు ఆధారంగా రాసే లెక్కలో 47, మన మామూలు లెక్కలో 71. బొమ్మ, మాట, కార్యక్రమాల పట్టిక అన్నీ ఈ పొట్లాలలో కలగలుపుగా వస్తాయి. ఏ పొట్లం దేనికి చెందినదో దాని తల మీదే రాసి ఉంటుంది. వాన మబ్బు అడ్డమొచ్చి కొన్ని పొట్లాలు పాడైపోయినా, బాక్సు తర్వాతి 47 కోసం వెదుక్కుని మళ్ళీ దారిలో పడుతుంది.

పరిమాణం కూడా చూడండి. మామూలు చానల్ సెకనుకు సుమారు 40 లక్షల బిట్లు పంపుతున్నదనుకుందాం. అరగంటకు 1,800 సెకన్లు. హెచ్చవేసి ఎనిమిదితో భాగిస్తే 90 కోట్ల బైట్లు. అంటే అరగంట కార్యక్రమం ఒక జీబీకి కాస్త తక్కువ. పెన్‌డ్రైవుకు ఇదేమంత బరువు కాదు.

రెండు పెన్‌డ్రైవులు

మొదట మా పెన్‌డ్రైవును కంప్యూటరుకు గుచ్చాను. "ఈ డిస్కును వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలి, చేయమంటారా?" అని అడిగింది. మిత్రులారా, ఇక్కడ ఒక్క మాట. ఆ ప్రశ్నకు ఎప్పుడూ "అవును" అని నొక్కవద్దు! టౌనులో కంప్యూటరు షాపు అతను, పెన్‌డ్రైవు చెడిపోయింది, ఫార్మాట్ కొడితే బాగవుతుందని చెయ్యి కూడా చాపాడు. చప్పున లాక్కున్నాను. ఆ క్షణంలో నేను లాక్కోకపోతే ఈ వ్యాసం లేదు.

నిజానికి పెన్‌డ్రైవు చెడిపోలేదు. చాలా బాక్సులలో నడిచేది లినక్స్. అది తన అలవాటు ప్రకారం అరలు కట్టుకుని ఫైళ్ళు పెట్టుకుంటుంది. ఆ అరల పద్ధతి విండోస్‌కు తెలియదు. తెలియనిదాన్ని చెడిపోయిందని అనుకుంటుంది. మా కాలేజీ ల్యాబులో లినక్స్ ఉన్న కంప్యూటరుకు గుచ్చితే ఫైళ్ళు చక్కగా కనబడ్డాయి. అందులో ఒక పెద్ద ఫైలు, తేదీ 2020 జనవరి. ప్రాణం లేచొచ్చింది. వీఎల్‌సీలో తెరిచాను. నల్లటి తెర. మాట లేదు, బొమ్మ లేదు.

మా ఎదురింటి బాబాయి వాళ్ళది ఫ్రీ డిష్. 2004 డిసెంబరులో డీడీ డైరెక్ట్ ప్లస్ పేరుతో దూరదర్శన్ మొదలుపెట్టిన సర్వీసే ఇది. నెలనెలా చందా లేదు. ఆ బాక్సులో సప్తగిరి చానల్ రికార్డు చేసిన పెన్‌డ్రైవు అడిగి తెచ్చుకున్నాను. కంప్యూటరులో పెట్టగానే కచేరీ మొదలైంది! మరి మా దానికేమొచ్చింది?

రెండు ఫైళ్ళనూ బైట్లు చూపించే ప్రోగ్రాములో పక్కపక్కన తెరిచాను. బాబాయి ఫైలులో మొదటి బైటు 47. అక్కడి నుంచి 188 లెక్కపెడితే మళ్ళీ 47. ఇంకో 188కి ఇంకో 47. పొలంలో సాళ్ళు తోలినట్టు వరసగా ఉన్నాయి. మా ఫైలులో 47లు అక్కడక్కడా ఉన్నాయి గాని, సాలూ లేదు, వరసా లేదు. చేత్తో వెదజల్లినట్టున్నాయి. ఫైలు పాడైనందువల్ల అట్లా లేదు. పాడైతే బాక్సులో మాత్రం ఎట్లా ఆడుతుంది? ఎవరో పనిగట్టుకుని కలిపేశారు. అంటే తాళం వేశారు.

తాళం ఎక్కడ, చెవి ఎక్కడ?

ఆకాశం నుంచి వచ్చే కిరణం డబ్బు కట్టినవాడి దొడ్లోనూ, కట్టనివాడి దొడ్లోనూ ఒకే తీరుగా పడుతుంది. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు మన దేశంలో సైట్ అనే ప్రయోగం జరిగింది. అమెరికా వారి ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాలలో సుమారు 2,400 గ్రామాలకు చదువు, సేద్యం, ఆరోగ్యం గురించిన కార్యక్రమాలు పంపారు. ఆంధ్రప్రదేశ్ అందులో ఒకటి. ఆ కార్యక్రమాలు అందరి కోసం పంపినవి. ఇక చందా మీద నడిచే సర్వీసు సంగతి వేరు. కట్టినవాడినీ కట్టనివాడినీ వేరుచేయడానికి దానికి తాళం ఒక్కటే మార్గం. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. చానళ్ళు తయారుచేసేవాళ్ళూ బతకాలి గదా.

తాళం రెండు చోట్ల పడుతుంది. మొదటిది ప్రసారంలో. పొట్లంలోని సరుకును ఒక సంకేత సంఖ్యతో కలిపేసి పంపుతారు. ఆ సంఖ్య కొద్ది సెకన్లకొకసారి మారిపోతుంటుంది. కొత్త సంఖ్యను కూడా రహస్యంగా చుట్టి ఆ ప్రవాహంలోనే పంపుతారు. ఆ చుట్టను విప్పగలిగేది బాక్సులోని కార్డో, చిప్పో మాత్రమే. చందా ఉంటేనే అది విప్పుతుంది.

రెండోది రికార్డింగులో. ఇటువంటి బాక్సులు చాలావరకు పెన్‌డ్రైవులోకి రాసేటప్పుడు తమ సొంత తాళం వేసి రాస్తాయి. చెవి పెన్‌డ్రైవులో ఉండదు, ఆ ఒక్క బాక్సు కడుపులోనే ఉంటుంది. అదే కంపెనీది, అదే మోడలు బాక్సు పక్కింట్లో ఉన్నా దాని చెవి వేరు. అందుకే బాక్సు మారితే రికార్డింగు ఆడదు. అందుకే చందా అయిపోతే, చెవి చేతిలో ఉండి కూడా బాక్సు తలుపు తియ్యదు. నాయనమ్మ ప్రశ్నకు సాంకేతికమైన జవాబు ఇదే. ధాన్యం మన గాదెలోనే ఉంది, తాళంచెవి మాత్రం షావుకారు మొలలో ఉంది.

తాళం పగలగొట్టవచ్చు గదా అని నా రూమ్మేటు అన్నాడు. లెక్క వేసి చూశాం. 128 బిట్ల తాళమైతే, సాధ్యమైన చెవులు సుమారు 3.4 పక్కన 38 సార్లు పదిని హెచ్చవేసినన్ని. సెకనుకు వంద కోట్ల చెవులు ప్రయత్నించే యంత్రం ఉన్నా, అన్నీ అయ్యేసరికి ఒకటి పక్కన ఇరవై రెండు సున్నాలన్ని సంవత్సరాలు పడుతుంది. విశ్వం వయసు 1,380 కోట్ల సంవత్సరాలు. దానికి దాదాపు 78 వేల కోట్ల రెట్లు! రూమ్మేటు దుప్పటి ముసుగుపెట్టి పడుకున్నాడు.

చట్టం మాట కూడా చూశాను. 1957 నాటి మన కాపీరైటు చట్టంలో 39వ సెక్షను ప్రకారం, రికార్డు చేసుకున్నవాడు తన సొంత వాడకానికి చేసుకున్న రికార్డింగు ప్రసారకుల హక్కుకు భంగం కాదు. కాని 2012 సవరణలో వచ్చిన 65ఎ సెక్షను ప్రకారం, హక్కులకు భంగం కలిగించే ఉద్దేశంతో ఇటువంటి రక్షణలను పగలగొడితే రెండేళ్ళ వరకు జైలు, జరిమానా కూడా. మా ఉద్దేశం తాత మాట వినడమే గాని క్యాసెట్ల వ్యాపారం కాదు. అయినా అసలు తాళం జోలికే పోకుండా పని జరిగితే అంతకంటే కావలసిందేముంది?

పసుపు తీగ దారి

ఈ గోడు మా ఎలక్ట్రానిక్సు సారుకు చెప్పుకున్నాను. ఆయన అంతా విని, "ఏమయ్యా, బాక్సు దాన్ని టీవీకి చూపిస్తోందా లేదా?" అన్నారు.

"చూపిస్తోంది సార్."

"మరి చూపించేటప్పుడు తాళం తీసే చూపిస్తోంది గదా. అక్కడ పట్టుకో."

ఎంత చిన్న మాట! తాళం ఎంత గట్టిదైనా చివరికి మనిషి కంటికి, చెవికి చేరాలంటే బాక్సే దాన్ని విప్పాలి. విప్పిన బొమ్మ బయటికి రావడానికి బాక్సు వెనక సాధారణంగా రెండు దారులుంటాయి. ఒకటి హెచ్‌డీఎంఐ. దానిలో అంకెలే పోతాయి, తరచు హెచ్‌డీసీపీ అనే మరో తాళంతో పోతాయి. రెండోది పాత ఏవీ దారి. పసుపు తీగలో బొమ్మ, ఎరుపు, తెలుపు తీగల్లో మాట. ఇది అంకెలు కాదు, పాత టీవీలకు అర్థమయ్యే మామూలు విద్యుత్ తరంగం. ఈ దారికీ అడ్డం పెట్టే బాక్సులు కొన్ని ఉన్నాయి. మాది పెట్టలేదు.

ఆ తరంగాన్ని మళ్ళీ అంకెలుగా మార్చి కంప్యూటరుకు ఇచ్చే చిన్న పరికరాన్ని క్యాప్చర్ కార్డు అంటారు. ఒక కొసన మూడు తీగలు, రెండో కొసన యూఎస్‌బీ. వెయ్యి రూపాయల లోపు దొరికింది. అది చేసే పని మాత్రం చిన్నది కాదు. మన పాల్ పద్ధతిలో ఒక్కొక్క బొమ్మను 720 నిలువు వరసలు, 576 అడ్డ వరసలుగా, అంటే 4,14,720 చుక్కలుగా కొలుస్తుంది. సెకనుకు 25 బొమ్మలు. చుక్కకు 16 బిట్లు. హెచ్చవేస్తే సెకనుకు దాదాపు 16.6 కోట్ల బిట్లు. ఉపగ్రహం నుంచి 40 లక్షలుగా కుదించి వచ్చినదే విప్పేసరికి నలభై రెట్లు ఉబ్బిందన్నమాట. యూఎస్‌బీ-2 తీగ మోయగలిగేది కాగితం మీద సెకనుకు 48 కోట్ల బిట్లు గనక ఇబ్బంది లేదు. కంప్యూటరు దాన్ని అప్పటికప్పుడు మళ్ళీ కుదించి దాచుకుంటుంది.

ఈ దారిలో కష్టాలు మూడు. ఒకటి, అరగంట కార్యక్రమానికి అరగంటా పడుతుంది. ఫైలు కాపీ చేసినట్టు నిమిషంలో కాదు. రెండు, బొమ్మ కొంత చెడుతుంది. పసుపు తీగలో వెలుగు నీడల వివరానికి సుమారు 5 మెగాహెర్ట్జ్ చోటు ఉంటే, రంగు వివరానికి దక్కేది దాంట్లో నాలుగో వంతు. అందువల్ల రంగులు అంచులు దాటి పారుతాయి. అన్నిటికన్నా బాగా తెలిసిపోయేది ఎరుపు. మాది మిరప కల్లం! మూడు, టీవీ బొమ్మ సెకనుకు 50 సగం బొమ్మలుగా వస్తుంది, ఒకసారి బేసి వరసలు, ఒకసారి సరి వరసలు. కంప్యూటరు రెండిటినీ కలిపి చూపిస్తే కదిలే వస్తువుల అంచులు దువ్వెన పళ్ళలా కనబడతాయి. దీన్ని సరిచేసే ఏర్పాటు వీఎల్‌సీలోనే ఉంది.

సంక్రాంతి సెలవులకు మిత్రుడి ల్యాప్‌టాప్ అడిగి ఊరికి తీసుకుపోయాను. మొదటిసారి బొమ్మంతా వచ్చింది, మాట లేదు. క్యాప్చర్ కార్డు మాటను వదిలేసి ల్యాప్‌టాప్ తన సొంత మైకు వింటూ కూర్చుంది. వచ్చిన ఫైలులో వినిపించిందల్లా మా గేదె అరుపు. రెండోసారి ఆరో నిమిషంలో బాక్సు వేడెక్కి ఆరిపోయింది. తాత అప్పటికింకా తెర మీదికే రాలేదు.

మూడోసారి తెల్లవారుజామున నాలుగున్నరకు లేచాను. చలి ఉంది. వోల్టేజీ నిలకడగా ఉంది. బాక్సు మూత విప్పకుండానే దాని పక్కన టేబులు ఫ్యాను పెట్టాను. చలికాలంలో ఫ్యానేమిట్రా అని నాన్న లేచి వచ్చి, సంగతి తెలుసుకుని, మాట్లాడకుండా మంచం మీద కూర్చున్నాడు. ఎనిమిదో నిమిషంలో తాత వచ్చాడు. పదిహేడో నిమిషంలో వెళ్ళిపోయాడు. ఇరవై ఒకటో నిమిషంలో బాక్సు ఆరిపోయింది. మిగతా అయిదు నిమిషాలలో ఏదో ఎరువుల ధరల గురించి ఉండేది. పోతే పోయింది.

మరి పన్నెండు రోజులకు ఆ బాక్సు వెలగడమే మానేసింది.

మీకు అవసరమైతే

నా అనుభవం వల్ల తేలిన నాలుగు ముక్కలు చెప్పి ముగిస్తాను.

మొదటిది, మీ రికార్డింగుకు తాళం ఉందో లేదో ముందు తేల్చుకోండి. ఫార్మాట్ అడిగితే వద్దనండి, లినక్స్ ఉన్న కంప్యూటరులో చూడండి. వీఎల్‌సీలో ఆడితే తాళం లేనట్టే, హాయిగా కాపీ చేసుకోవచ్చు.

రెండవది, తాళం లేని రికార్డింగు పెద్దదైతే ముక్కలుగా ఉండవచ్చు. ఫ్యాట్-32 పద్ధతిలో ఒక ఫైలు 4 జీబీ దాటడానికి వీల్లేదు. నేను పైన చెప్పిన లెక్కన అది రెండుంబావు గంటలకు కాస్త పైన. అందుకే బాక్సు తెంపి తెంపి రాస్తుంది. పొట్లాల ప్రవాహమే గనక ముక్కలను వరసలో ఒకదాని వెనక ఒకటి అతికిస్తే సరిపోతుంది. తరువాత ఎఫ్ఎఫ్ఎంపెగ్ వంటి ఉచిత ప్రోగ్రాముతో ఎంపీ-4గా మార్చుకోవచ్చు. ఆ మార్చడంలో, ఉన్న అంకెలను ఉన్నట్టు కొత్త పాత్రలోకి వంపమని చెప్పండి. పాలు గిన్నె మార్చినంత మాత్రాన విరగవు. మళ్ళీ కుదించమంటే మాత్రం మళ్ళీ కాచినట్టే, ప్రతిసారీ కొంత పోతుంది.

మూడవది, తాళం ఉంటే ఏవీ తీగ, క్యాప్చర్ కార్డు. బాక్సు బతికి ఉండగానే, చందా నడుస్తుండగానే ఆ పని చేసుకోండి. "తర్వాత చూద్దాంలే" అన్నదే ఇందులో పెద్ద ప్రమాదం. నేను నాలుగేళ్ళు అదే అన్నాను.

నాలుగవది, వచ్చిన ఫైలు రెండు చోట్ల దాచండి. ఒకటి ఇంట్లో, ఒకటి ఇంటికి దూరంగా. మాది ఒక ప్రతి నా దగ్గర, ఒకటి మా అత్తయ్య దగ్గర ఉంది.

సంక్రాంతి నాడే నాయనమ్మకు ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టి చూపించాను. ఎరుపంతా అలుక్కుపోయి కల్లం మొత్తం ఒకే నిప్పుకుప్పలా ఉంది. తాత చెయ్యి ఊపినప్పుడల్లా వేళ్ళ అంచున దువ్వెన పళ్ళు కనబడుతున్నాయి. ఆ లోపాల గురించి నేను ఏదో చెప్పబోయాను. ఆమె వినలేదు. తొమ్మిది నిమిషాలూ చూసి, "టీవీ వాళ్ళొస్తున్నారని తెలిసి కూడా ఆ మాసిన కండవాయే వేసుకున్నాడు చూడు" అంది. కాసేపుండి, "దీనికి రీచార్జి లేదు గదా?" అని అడిగింది.

లేదని చెప్పాను. మళ్ళీ మొదటి నుంచి పెట్టమంది.